సారంగాపూర్ అడవి అంచున ఆతిథ్యం

జగిత్యాల నుండి సారంగాపూర్ మీదుగా బీర్‌పూర్ వైపు సాగినప్పుడు వరిపొలాల వెనుక టేకుచెట్లు, గుట్టలు మాకు కనిపించాయి. గోదావరికి ఆవల కవ్వాల్ అభయారణ్యం. 'సారంగము' అంటే జింక అనే అర్థమూ ఉన్నది.

అతిథులకు వేట వినోదం కల్పించడం పాత అలవాటే. అమెరికాలో భూయజమానులు నేటికీ తెల్లతోక జింకలకు మేత పైరు వేసి, రుసుము చెల్లించినవారిని వేటకు తీసుకుపోతారు. నిజాం కాలంలో ఇక్కడి అడవుల్లోనూ ప్రభువుల అతిథులకు షికారు ఏర్పాట్లుండేవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి తెరదించింది. ఉచ్చు పన్నడమూ, ఎర చూపడమూ ఆ చట్టం దృష్టిలో వేటే.

"జింక మాంసం హలాలే కదా!" అని కొందరంటారు. నిజమే. కాని ఇహ్రామ్ స్థితిలో ఆ వేటనే దివ్యఖుర్ఆన్ (5:95) నిషేధించింది. మదీనా పవిత్ర హద్దుల్లో వేటను దైవప్రవక్త (స) వారించారు. అనుమతికీ హద్దులుంటాయి. పైగా అడవిపందుల కోసం చేను చుట్టూ పరచిన కరెంటు తీగ తగిలి, జబహ్ చేయకముందే చచ్చిన జింక హలాల్ ఎలా అవుతుంది? ఆ తీగ మనుషుల ప్రాణాలూ తీస్తుంది.

చుట్టాలు వస్తే ఇంటి కోడిని వండుదాం. జింకను దూరం నుండి చూపి, అల్లాహ్ సృష్టి సౌందర్యాన్ని పిల్లలకు తెలియజేద్దాం.