ఉత్తరం ఎవరి పేరిట?

'కంపెనీ వారికి' అని మాత్రమే రాసిన ఉత్తరం వచ్చిందనుకోండి. గుమస్తా విప్పుతాడులే అని యజమాని, యజమాని చూసుకుంటాడులే అని గుమస్తా ఊరుకుంటారు. అందరి పనీ ఎవరి పనీ కాదు కదా! ఈమెయిల్ కథా అంతే.

రాచర్ల కుర్రాడొకడు మార్కాపురం పలకరాయికి విదేశీ బేరం వెతుకుతున్నాడనుకుందాం. ఒకప్పుడు బడిపిల్లల చేతిలో పలకైన ఆ రాయి, తర్వాత నేలకూ గోడలకూ పరిచే బండలై ఓడలెక్కింది. ఒక్క ఆర్డరు వెనక గనిలో రాయి తీసేవాళ్లు, కోసేవాళ్లు, లారీకెత్తేవాళ్లు ఎందరో. జవాబు రాని మెయిలంటే వీళ్లకు దక్కని కూలి.

యూరప్ కంపెనీ వెబ్‌సైట్‌లో రెండు చిరునామాలున్నాయి. ఒకటి 'ఇన్ఫో'తో మొదలయ్యేది. రెండోది కొనుగోళ్లు చూసే అధికారి పేరుతో ఉన్నది. దేనికి రాయాలి?

ఇన్ఫో, సేల్స్, సపోర్ట్ లాంటి పేర్లను ఇంటర్నెట్ నిపుణులు 1997లోనే ఓ ప్రమాణపత్రంలో పొందుపరిచారు. కుర్చీలో మనిషి మారినా చిరునామా మారదు... అదీ లాభం. కానీ వచ్చిపడే ప్రకటనల కుప్పలో మన ఉత్తరమూ కలిసిపోవచ్చు.

పేరున్న చిరునామా సూటిగా మనిషిని చేరుతుంది. ఆయన ఉద్యోగం మారితే మాత్రం శ్రమ వృథా. పైగా యూరప్‌లో 2018 మే 25 నుంచి అమలవుతున్న సమాచార రక్షణ చట్టం కింద, పేరున్న ఆఫీసు మెయిలూ వ్యక్తిగత సమాచారమే. ఉత్త 'ఇన్ఫో' అలా కాదు.

మరెలా? బేరాల కోసమే ఆ అధికారి పేరు పెట్టి ఉంటే ఆయనకే రాయాలి. ఎందుకు రాస్తున్నదీ రెండు ముక్కల్లో చెప్పాలి. వద్దంటే మళ్లీ రాయకూడదు. పేరు విని చిరునామా ఊహించి పంపడం పరాయి ఇంటి తలుపు తోసినట్టే. పేరు లేకపోతే 'ఇన్ఫో'కే పంపి, 'కొనుగోళ్ల విభాగానికి... పలకరాయి నమూనాలు' అని సబ్జెక్టులోనే రాస్తే చూసినవాళ్లు సరైన బల్లకు చేరుస్తారు.

తన కొట్టుకు చిరునామా పెట్టుకునేటప్పుడూ ఇదే లెక్క. బోర్డు మీద 'సేల్స్' ఉంటే గుమస్తా మానేసినా ఆర్డరు పోదు. అయితే దాన్ని రోజూ తెరిచే బాధ్యత ఒకరికి అప్పగించాలి. జవాబు కింద వారి పేరు, ఫోను నంబరు ఉండాలి.

చిరునామా కొట్టుదైనా సంతకం మనిషిదే కావాలి. బేరం కుదిరేది మనుషుల మధ్యే మరి!