అర్జీ

మొన్న కార్తీకంలో కోతకొచ్చిన వరి వానకు పడిపోయింది. "చదువుకున్నోడివి, అర్జీ రాయరా" అన్నాడు నాన్న. "రాస్తే ఏమొస్తుంది?" అని విసుక్కున్నాను.

ఆ వారమే లైబ్రరీలో చదివాను. 2019లో వనువాటులో చదివే 27 మంది లా విద్యార్థులు పసిఫిక్ దేశాల నాయకులకు ఉత్తరాలు రాశారట: వాతావరణ మార్పులో దేశాల బాధ్యతేమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడగండి అని. వనువాటు ప్రభుత్వం ఆ మాట భుజానికెత్తుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి ఏకాభిప్రాయంతో ఒప్పుకుంది. 2025 జూలై 23న హేగ్‌లో కోర్టు చెప్పింది: వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యత అని.

అది సలహాయే. దానితో మా చేను లేవదు. కానీ మిత్రులారా, వాళ్లూ మన ఈడువాళ్లే, కాగితంతోనే మొదలుపెట్టారు.

ఆ రాత్రే నాన్న అర్జీ రాశాను. సంతకం పెడుతూ, "ఇంత ఆలస్యమా?" అన్నాడాయన.