మా మెట్టలో ముల్లంగి

నెల్లూరు జిల్లా అనగానే అందరికీ పెన్నా కింద వరిపొలాలే గుర్తొస్తాయి. ఉదయగిరి వైపున్న మా వరికుంటపాడు మాత్రం మెట్ట. బిందె మోసేది ఆడవాళ్లమే గనుక ఇక్కడ చెంబెడు నీళ్లు పారబోయబుద్ధి కాదు.

అక్టోబరు, నవంబరు నెలల్లో పడే ఈశాన్య వానల తేమ చూసుకుని, కార్తీకంలో మొదటిసారి పెరట్లో ముల్లంగి వేశాను. రాళ్లేరి, జానెడు లోతు గుల్ల చేసి, మాగిన పశువులెరువు కలిపి, అరంగుళం లోతున గింజలు పెట్టాను. ఒత్తుగా లేచిన మొలకలు పీకి, 4 అంగుళాల ఎడం ఉంచాను. బియ్యం, కూరలు కడిగిన నీళ్లే దానికి తడి.

45 రోజులకు దుంపలు ఊరాయి. అప్పుడే పీకాలి, ముదిరితే బెండు పడతాయి. లేతాకు పప్పులోకి, దుంప పులుసులోకి!

ఎండలు ముదరకముందే చేతికొచ్చే పంట ఇది. మెట్టూళ్ల అక్కచెల్లెళ్లూ, మీరూ వేసి చూడండి.