టన్ను పిండితే... చిటికెడు మందు!

కైకౌరా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది తిమింగలాల కోసమే వెళతారు. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, క్రైస్ట్‌చర్చ్‌కి సుమారు 180 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరది. ఓ పక్క కొండలు, మరో పక్క సముద్రం. ఒడ్డుకు దగ్గర్లోనే సముద్రగర్భం లోయలా వెయ్యి మీటర్లకు పైగా దిగిపోతుంది. అందుకే స్పెర్మ్ తిమింగలాలు ఏడాది పొడవునా కనువిందు చేస్తాయి. ఇక తిండి సంగతంటారా... మావోరీ భాషలో ఊరి పేరుకి అర్థమే 'పెద్దరొయ్యల భోజనం'!

పడవెక్కిన పర్యటకులకు కనిపించనిది మరొకటుందక్కడ. దాదాపు 100 మీటర్ల లోతున నేలను అంటిపెట్టుకుని బతికే స్పాంజి. పేరు లిస్సోడెండోరిక్స్. చూస్తే జంతువని అనుకోం కానీ జంతువే. కరవలేదు, పారిపోలేదు. ఇలాంటి జీవులు చాలావాటికి ఒంట్లోని విషపు రసాయనాలే రక్ష. శాస్త్రవేత్తలు మందులు వెతికేదీ వాటిలోనే.

జపాన్ తీరంలోని ఓ నల్ల స్పాంజిలో 'హాలికాండ్రిన్-బి' దొరికిందని 1986లో హిరాటా, ఉయెమురా ప్రకటించారు. క్యాన్సర్ కణం రెండుగా చీలకుండా అడ్డుకునే పదార్థమది. చిక్కల్లా... 600 కిలోల స్పాంజి నుంచి వచ్చింది 12.5 మిల్లీగ్రాములే! కైకౌరా స్పాంజిలో అది ఇంకాస్త ఎక్కువని తేలడంతో 1990ల్లో క్యాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన బ్లంట్, మన్రోల బృందం రంగంలోకి దిగింది. టన్ను స్పాంజిని బయటికి తీస్తే దక్కింది సుమారు 300 మిల్లీగ్రాములు. కూరలో వేసే చిటికెడు ఉప్పంత.

సముద్రంలో మొత్తం ఎంతుందో లెక్కేశారు. సుమారు 300 టన్నులు. అదీ ఆ కొద్దిపాటి ప్రాంతంలోనే. అంటే, అంతా ఊడ్చేసినా వచ్చే మందు 100 గ్రాముల లోపే. రోగులేమో లక్షల్లో. ప్రాణాలు నిలిపే మందు కోసం ఓ జీవినే లేకుండా చేయాలా? స్పాంజిని ముక్కలుగా కోసి తక్కువ లోతులో పెంచి చూశారు. పెరిగాయి, మందూ తయారైంది. కానీ ఏ మూలకు?

గట్టెక్కించింది ప్రయోగశాలే. 1992లో హార్వర్డ్‌లో యోషితో కిషి బృందం హాలికాండ్రిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ పెద్ద అణువులో దాదాపు సగం ఉన్నా పనిచేస్తుందని తేలింది. ఆ సగంతోనే ఎయిసాయ్ సంస్థ ఎరిబ్యులిన్‌ని రూపొందించింది. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కి వాడేందుకు 2010 నవంబరులో అమెరికా అనుమతిచ్చింది. 762 మంది మహిళలతో జరిపిన పరీక్షలో ఇతర చికిత్సలు తీసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 10.6 నెలలైతే, ఇది తీసుకున్నవాళ్లది 13.1 నెలలు. రెండున్నర నెలలేనా అనిపించొచ్చు... కూతురి పెళ్లి చూడాలని ఆశపడే తల్లికి అది తక్కువేం కాదు.

దీని తయారీకి అరవైకి పైగా రసాయన చర్యలు కావాలి. స్పాంజి మాత్రం ఒక్క ముక్క కూడా అక్కర్లేదు.