సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు

పాత కారుకు పట్టే జబ్బుల్లో రెండు జంటగా తిరుగుతాయి. ఒకటి, నడుస్తూ నడుస్తూ ఇంజిను ఆగిపోవడం. రెండోది, ఆ తర్వాత ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోకపోవడం. రోజూ ఆగే బండిని బాగుచేయడం పెద్ద కష్టం కాదు, లోపం ఎదురుగానే ఉంటుంది. అప్పుడప్పుడు ఆగే బండితోనే తంటా. హైదరాబాద్‌లో ఉప్పల్ రింగురోడ్డు సిగ్నల్ దగ్గర మొరాయించి వెనకవాళ్లందరి చేత హారన్లు కొట్టించిన కారు, నాచారంలోని షెడ్డుకు చేరేసరికి ఒక్క తాళం తిప్పుకే లేస్తుంది. మెకానిక్‌కు లోపం కనబడదు, యజమానికి నిరూపించే దారి ఉండదు. ఇక అక్కణ్ణుంచి వరసగా సామాన్లు మారుతాయి: ప్లగ్గులు, హెచ్‌టీ వైర్లు, కాయిల్, పెట్రోలు పంపు, ఆఖరికి బ్యాటరీ. పాత కార్ల మీద జనం పోగొట్టుకునే డబ్బులో పెద్ద వాటా ఇలా ఊహ మీద కొన్న సామాన్లదే.

పెట్రోలు ఇంజిను నడవాలంటే పెట్రోలు, గాలి, స్పార్కు, కంప్రెషన్ ఉండాలి. అవి సరైన క్షణంలో కలవాలి. షెడ్లలో స్పార్కును ‘కరెంటు’ అంటారు. ఆగిన బండి దగ్గర మొదట తేల్చుకోవలసింది పోయింది పెట్రోలా, కరెంటా అన్నదే. దీనికి పరికరాల కంటే ముందు నడిపినవారి సాక్ష్యం పనికొస్తుంది. తాళం తిప్పి ఆపినట్టు టక్కున ఆగితే అనుమానం కరెంటు మీదికి పోవాలి. రెండు మూడు కుదుపులిచ్చి, యాక్సిలరేటర్ తొక్కినా పికప్ రాక, ఈడ్చుకుంటూ ఆగితే పెట్రోలు మీదికి. ఆగిన క్షణంలో డ్యాష్‌బోర్డు చెప్పేది ఇంకా విలువైనది. ఇంజినుతోపాటు దీపాలన్నీ ఆరిపోతే లోపం బ్యాటరీ టెర్మినల్ నుంచి తాళం స్విచ్చి వరకు ఉన్న దారిలో ఎక్కడో ఉంది. ఇంజిను ఆగి, ఆయిల్ దీపం, బ్యాటరీ దీపం వెలిగాయంటే అక్కడిదాకా సరఫరా బాగానే ఉంది, వెతుకులాట ముందుకు జరగాలి.

మిగిలిన ప్రశ్నలు: ఇంజిను చల్లగా ఉందా, వేడెక్కి ఉందా? ఏసీ వేసి ఉందా? ట్యాంకులో పెట్రోలు ఏ మేరకు ఉంది? గుంతలో పడ్డాకా, వాన పడ్డాకా? తిరిగి ఎంతసేపటికి లేచింది? వీటిని గుర్తున్నంత వరకు చెప్పడం కాదు, ఆగిన ప్రతిసారీ కాగితం మీద రాసుకోవాలి. అలాంటి కాగితంతో షెడ్డుకొచ్చిన యజమానికి సగం పని అయిపోయినట్టే.

బండి ఏ తరానిదో కూడా తెలియాలి. మారుతీ 800 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరి దాకా తయారైంది. బీఎస్-4 కాలుష్య నిబంధనల వల్ల 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో కొత్త 800 అమ్మకం ఆగింది. అంటే ఈ నగరంలో కొత్తగా కొన్న 800 ఏదైనా ఆర్సీ మొదటి పదిహేనేళ్ల గడువు దాటినదే. వీటిలో మొదట వచ్చినవి కార్బురేటర్ బండ్లు, 2000 తర్వాత వచ్చినవి ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటర్ ఆజ్ఞతో ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే రకం. 1998లో వచ్చిన శాంత్రో మొదటినుంచీ ఎంపీఎఫ్ఐ. కార్బురేటర్ 800లో పెట్రోలు పంపు ఇంజినుకే బిగించి ఉంటుంది, క్యామ్‌షాఫ్టు దాన్ని ఆడిస్తుంది. ఎంపీఎఫ్ఐ బండిలో పంపు ట్యాంకులో మునిగి ఉంటుంది, కరెంటుతో నడుస్తుంది. పైకి ఒకేలా కనిపించే జబ్బుకు ఈ రెండింటిలో కారణాలు వేరు.

హైదరాబాద్ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనుల పక్కన ఫస్టు గేరులో పాకే కారు బోనెట్ కింద వేడి ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. పైగా ఇంజిను ఆపిన తర్వాత కొన్ని నిమిషాలు ఆ వేడి ఇంకా పెరుగుతుంది. నీళ్లు తిరగడం, గాలి తగలడం ఆగిపోతాయి, ఇంజిను లోహంలోని వేడంతా చుట్టుపక్కలకు పాకుతుంది. కిరాణా కొట్టు దగ్గర పది నిమిషాలు ఆపిన బండి తిరిగి లేవకపోవడానికి ఇదే మూలం.

కార్బురేటర్ బండిలో ఈ వేడి రెండు వ్యతిరేకమైన పనులు చేయగలదు. పంపులో, గొట్టంలో పెట్రోలు ఆవిరైతే పంపు ఆవిరినే నెడుతుంది, కార్బురేటర్‌కు పెట్రోలు అందదు. దాన్నే వేపర్ లాక్ అంటారు. పంపు మీద తడిగుడ్డ వేస్తే కాసేపటికి బండి లేచిందంటే ఆ అనుమానం చాలావరకు రుజువైనట్టే. డిస్ట్రిబ్యూటర్ మీద మాత్రం నీళ్లు పడకూడదు. ఇక రెండోది: కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలే మరిగి ఇంజినులోకి పొంగిపోతుంది. అప్పుడు కొరత కాదు, అతి. ఘాటుగా పెట్రోలు వాసన వస్తుంది, ప్లగ్గులు తడిసి ఉంటాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే ఎక్కువైన పెట్రోలు బయటికి పోయి బండి అందుకుంటుంది. వేడి బండికి చోక్ లాగడం ఈ స్థితిలో ఇంకా చెరుపు. ఈ తేడా పట్టించుకోకుండా ‘హీటుకు ఆగింది’ అని ఒక్కమాటతో సరిపెట్టడం షెడ్లలో మామూలే.

ఎంపీఎఫ్ఐ బండిలో పెట్రోలు సుమారు మూడు బార్ల ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి అంత సులువుగా ఆవిరి కాదు. వేడికి ఆగి, ఇరవై నిమిషాలు నీడలో ఉంచితే ఏమీ ఎరగనట్టు లేచే ఎంపీఎఫ్ఐ బండిలో ముందు చూడాల్సింది క్రాంక్ సెన్సర్‌ను. ఇంజిను తిరుగుతోందన్న కబురు కంప్యూటర్‌కు అందించేది అదే. చాలా కార్లలో అది అయస్కాంతం చుట్టూ సన్నటి తీగ చుట్టిన కాయిల్. ఏళ్లు గడిచాక వేడికి తీగ వ్యాకోచించి లోపలెక్కడో తెగుతుంది, చల్లబడగానే మళ్లీ కలుస్తుంది. కబురు ఆగగానే కంప్యూటర్ స్పార్కునూ పెట్రోలునూ రెండింటినీ ఆపేస్తుంది. గుర్తు తేలికే: సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొద్దిగానైనా కదలాలి. కదలక సున్నా మీదే పడి ఉంటే అనుమానం బలపడుతుంది. ముల్లు లేని బండిలో స్కానర్ పెట్టి చూడాలి. సెన్సర్ విప్పి, చల్లగా ఒకసారి, హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి ఒకసారి మల్టీమీటర్‌తో ఓమ్స్ కొలిస్తే దొంగ దొరుకుతాడు. అయితే మూడు తీగల హాల్ సెన్సర్లకు ఈ కొలత పనికిరాదు, వాటికి సిగ్నల్ చూడాలి. ఇగ్నిషన్ కాయిల్, మెయిన్ రిలేలోని టంకాలు కూడా ఇదే తరహాలో వేడికి విడి చలికి కలుస్తాయి. వీటిలో రిలే ఖరీదు తక్కువ గనక ముందు దాన్నే మార్చి చూడటంలో తప్పులేదు.

పొద్దున్నే లేవని బండి కథ వేరు. సెల్ఫ్ ఈసురోమంటూ తిరిగితే ఇంజినును వదిలి బ్యాటరీ దగ్గరికి పోవాలి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు పదికి కిందకు జారిపోతే కంప్యూటరే తడబడుతుంది. సెల్ఫ్ చురుగ్గా తిరిగీ అందుకోకపోతే తాళం ఆన్ చేసి చెవి పెట్టాలి. వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు పంపు చప్పుడు రావాలి. తాళం రెండు మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి ఆ తర్వాత కొడితే వెంటనే లేచిందా? అయితే రాత్రంతా గొట్టంలో నిలవాల్సిన ఒత్తిడి జారిపోతోంది. పంపు వాల్వు వదులైంది, లేదా ఇంజెక్టర్ కారుతోంది. ఇవేవీ కాకపోతే ఇంజిను వేడి చూసే సెన్సర్. అది చల్లటి ఇంజినును వేడిగా ఉందని చెబితే కంప్యూటర్ చాలినంత పెట్రోలు ఇవ్వదు.

స్లో స్పీడులో మాత్రమే ఆగే బండికి పెద్ద విచారణ అక్కర్లేదు. ఎంపీఎఫ్ఐలో థ్రాటిల్ బాడీకి పట్టిన మసి, ఐడిల్ వాల్వు. కార్బురేటర్‌లో స్లో జెట్‌కు అడ్డుపడిన కచరా. రెండింటిలోనూ చిట్లిన వాక్యూమ్ గొట్టం. శుభ్రం చేస్తే, చిట్లిన గొట్టం మారిస్తే చాలావరకు కుదురుకుంటుంది.

గుంతలో పడ్డప్పుడు, మలుపు తిప్పినప్పుడు, వాన తర్వాత ఆగే బండిలో మాత్రం ఓపిక కావాలి. లోపం వైరింగులో ఉంటుంది, వైరింగ్ బండి అంతటా ఉంటుంది. పాత కార్లలో అప్పుడప్పుడు వచ్చే లోపాలకు సెన్సర్ల కంటే వాటికి వెళ్లే తీగలు, జాయింట్లే ఎక్కువ బాధ్యులు. ముందు బ్యాటరీ టెర్మినళ్లు, తర్వాత ఇంజినుకూ బాడీకీ ఉన్న ఎర్తింగ్ పట్టీ. సెల్ఫ్ కొడుతుండగా ఇంజిను లోహానికీ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మీటరు పెడితే అర వోల్టుకు మించి చూపకూడదు. మించితే పట్టీ తుప్పు పట్టింది. ఆ తర్వాత తాళం స్విచ్చి. ఇంటి తాళాలు, ఆఫీసు తాళాలు, దేవుడి బొమ్మ అన్నీ ఒకే గుత్తికి వేలాడదీస్తే ఏళ్ల మీద స్విచ్చి లోపలి రాగి బిళ్లలు అరుగుతాయి. ఇంజిను నడుస్తుండగా గుత్తిని కదిపి చూడటం పైసా ఖర్చులేని పరీక్ష. అలాగే హార్నెస్‌ను, అంటే తీగల కట్టను, కొంచెం కొంచెంగా పట్టుకుని కదుపుతూ పోవాలి. ఏ చోట కదిపితే ఇంజిను తడబడిందో అక్కడ విప్పాలి. సెల్లారుల్లో, ఖాళీ ప్లాట్ల పక్కన నిలిపే బండ్లలో ఎలుకలు కొరికిన తీగలు తరచు బయటపడతాయి. ఎల్‌పీజీ కిట్ పెట్టి తర్వాత తీసేసిన బండ్లలో ఇంకో తిరకాసు ఉంటుంది. కిట్ కోసం ఇంజెక్టర్ తీగలు కోసి, మళ్లీ మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తారు. ఆ టేపు ఎండకు ఊడుతుంది.

ఉప్పల్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన తేదీ 2020 అక్టోబరు 13. ఆ రోజు ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల దాకా వాన కురిసింది. చెరువులు పొంగి ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ, నాచారం చుట్టుపక్కల కాలనీలు మునిగాయి, ఇళ్ల ముందూ సెల్లారుల్లోనూ ఉన్న కార్లు నీళ్లలో నానాయి. అలా మునిగిన బండిని ఆరబెట్టి, పాలిష్ కొట్టి అమ్మితే ఏడాది దాకా బాగానే నడవవచ్చు. తీగల కొసల్లోకి చేరిన తడి మాత్రం రాగిని మెల్లగా పచ్చటి పొడిగా మారుస్తూ ఉంటుంది. తర్వాత వచ్చే లోపం ఏ ఒక్క చోటా నిలవదు: ఇవాళ సెన్సర్, రేపు పంపు, ఎల్లుండి తాళం. సీటు బెల్టు చివరిదాకా లాగి చూస్తే బురద గీత, సీటు కింది బోల్టులకు తుప్పు, కార్పెట్ అడుగున మట్టి ఆ చరిత్రను చెప్పేస్తాయి.

పెట్రోలు విషయంలో రెండు మాటలు. ఎప్పుడూ రిజర్వులోనే నడిపే బండిలో ట్యాంకు అడుగున చేరిన కచరా, నీళ్లు ముందుగా పంపుకే చేరతాయి. పంపును చల్లగా ఉంచేది కూడా చుట్టూ ఉన్న పెట్రోలే. 2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఇప్పుడు బంకుల్లో మామూలైంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, దాని కోసం చేయని పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను దెబ్బతీస్తుంది. కాబట్టి పాత బండిలో గొట్టాలు, ఫిల్టరు మార్చుకోవడం మంచిదే. అంతమాత్రాన ప్రతి మొరాయింపునూ ఇథనాల్ ఖాతాలో రాయడం సోమరితనం. గుంతలో పడగానే దీపాలన్నీ ఆరిపోయిన బండికి ఇథనాల్‌తో సంబంధం లేదు.

స్కానర్ మీద జనానికి నమ్మకం కాస్త ఎక్కువే. మన దేశంలో కార్లకు ఓబీడీ, అంటే బండి తన లోపాలను తానే కోడ్‌గా నమోదు చేసుకునే ఏర్పాటు, 2010 ఏప్రిల్ నుంచి, దాని రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందటి బండ్లలో చౌక స్కానర్‌కు ఏమీ దొరకకపోవచ్చు. దొరికినా కోడ్ చూపేది దారిని మాత్రమే. పి 0335 అని వస్తే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా అని అర్థం. సెన్సరే పోయిందని కాదు, తీగ తెగినా కనెక్టర్ వదులైనా అదే కోడ్ పడుతుంది.

కరెంటు, పెట్రోలు రెండూ ఉండి కూడా వేడి మీద లేవని ఇంజినుకు కంప్రెషన్ చూడాలి. టైమింగ్ బెల్టు ఒక పన్ను జారడం, వాల్వుల సందు బిగుసుకుపోవడం ఇక్కడే బయటపడతాయి. బెల్టు, సందు సరిచేయవచ్చు. రింగులు అరిగిపోయి, దానికి తోడు నీటమునిగిన వైరింగ్ కూడా ఉంటే మరమ్మతు ఖర్చు బండి ఖరీదును దాటిపోతుంది. అలాంటి బండిని వదిలించుకోవడమే మేలు.

జబ్బు తేలేదాకా నడిపేవారు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంజిను ఆగితే బ్రేకు బూస్టర్‌లో రెండు మూడు తొక్కులకు సరిపడే వాక్యూమే మిగులుతుంది, పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. హజార్డ్ దీపాలు వేసి, దొర్లుతున్న ఊపులోనే ఎడమకు తీయాలి. తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది. సెల్ఫ్ పది సెకన్లకు మించి పట్టకూడదు.

మరమ్మతు అయిందని షెడ్డులో ఐడిల్ చేసి చూపితే సరిపోదు. మధ్యాహ్నం ఎండలో ఆగిన బండిని మధ్యాహ్నం ఎండలోనే, ఏసీ వేసి, అదే ట్రాఫిక్‌లో తిప్పి చూడాలి. పాత కారు కొనేవారు ఈ సూత్రాన్ని తలకిందులుగా, అంటే చల్లటి ఇంజిను మీద, వాడుకోవాలి. పొద్దున్నే, చెప్పకుండా వెళ్లి, ముందు బోనెట్ మీద చెయ్యి వేసి చూడాలి. అమ్మేవారు అప్పటికే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే బేరం ఆడకుండా మరో రోజు రావాలి.