ఇన్‌స్పెక్టర్ ఒక్కడే చాలడు

మా రాజపాళయంలో "అంకుశం" అంటే చాలామందికి తెలియదు. "ఇదుతాండా పోలీస్" అనండి, తాత వయసు వాళ్లందరికీ మొహం వెలిగిపోతుంది. రెండూ ఒకటే సినిమా. 1989లో కోడి రామకృష్ణ గారు తెలుగులో తీశారు. అది తమిళంలోకి డబ్బింగ్ అయి ఇక్కడ కూడా బాగా ఆడింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనకు ఇదొక సుఖం, రెండు భాషల్లోనూ చూడొచ్చు. నేను చూశాను. ఇన్‌స్పెక్టర్ విజయ్‌గా రాజశేఖర్ గారు నటించారు, తెలుగులో ఆయనకు గొంతు ఇచ్చింది సాయికుమార్ గారు. ఆ గొంతు లేకపోతే ఆ కోపంలో సగం పోతుంది.

గూండా నీలకంఠం వేషం రామిరెడ్డి గారిది. సినిమాల్లోకి రాకముందు ఆయన పత్రికలో పనిచేశారట, చూస్తే నమ్మలేం. విజయ్ అతనికి బేడీలు వేసి వీధుల్లో ఈడ్చుకుపోయే సీను వస్తే మా తాత ఇప్పటికీ కుర్చీలో ముందుకు జరుగుతాడు. నాకు మాత్రం ఆ సీను అంతగా నచ్చలేదు. కోర్టు దాకా పోకుండా పోలీసే శిక్ష వేసేస్తే గూండాకూ పోలీసుకూ తేడా ఏముంది?

అసలు నీలకంఠాన్ని పట్టుకోవడం విజయ్‌కు పెద్ద కష్టం కాదు. కష్టమంతా వాడి వెనక ఉన్న రాజకీయ నాయకులతోనే. మంచివాడైన ముఖ్యమంత్రిని దించడానికి వాళ్లు నీలకంఠాన్ని వాడుకుంటారు. ఆ ముఖ్యమంత్రిగా మల్లెమాల అనే పేరుతో పాటలు రాసిన ఎం.ఎస్.రెడ్డి గారు నటించారు. పైన ఆయన ఉన్నాడు కాబట్టి కింద విజయ్ పని చేయగలిగాడు. పైన కూర్చున్నవాడే నీలకంఠం మనిషి అయితే? సినిమా అరగంటలో అయిపోయేది. విజయ్ మీద తుపాకీ కూడా అక్కర్లేదు, ఒక బదిలీ కాగితం చాలు.

మన ఊరి నుంచి కూడా ఒక ముఖ్యమంత్రి వచ్చారు. పి.ఎస్.కుమారస్వామి రాజా గారు 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రాన్ని పాలించారు, తర్వాత ఒరిస్సా గవర్నరు అయ్యారు. ఆయన తన సొంత ఇంటినే ఊరికి ఇచ్చేశారు. అదే గాంధీ కలైమన్రం. పదవిలో ఉండి ఇళ్లు కట్టుకున్న వాళ్ల గురించి రోజూ వింటాం. ఇల్లు ఇచ్చేసిన ఆయన పేరు మాత్రం మా క్లాసులో సగం మందికి తెలియదు.

ఇదంతా ఊరికే రాయడం లేదు. మా అక్క ఎస్.ఐ. పరీక్షకు చదువుతోంది. తెల్లవారకముందే లేచి పరుగెత్తుతుంది. మిల్లు నుంచి వచ్చిన నాయన ఒక రాత్రి అన్నం తింటూ, "నిజాయితీగా ఉంటే ఏడాదికొక ఊరు తిప్పుతారమ్మా. టీచరు పని చూసుకో" అన్నాడు.

అక్క పుస్తకం తెచ్చింది. ప్రకాశ్ సింగ్ అనే రిటైరయిన పోలీసు అధికారి 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. పదేళ్ల తర్వాత, 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చింది. స్టేషన్ అధికారికైనా జిల్లా ఎస్.పి.కైనా కనీసం రెండేళ్లు ఒకేచోట పని ఇవ్వాలి, బదిలీలను పోలీసు అధికారుల బోర్డే చూడాలి అని అందులో ఉంది. మన రాష్ట్రం కూడా 2013లో చట్టం చేసింది.

"చట్టం సరే, ఫోన్లు ఆగినాయా?" అన్నాడు నాయన.

"ఫోను వచ్చినప్పుడు ఎత్తేవాళ్లలో నేను కూడా ఒకదాన్ని అవుతాను కదా" అంది అక్క.

అవ్వ మజ్జిగ పోస్తూ నవ్వింది. నాయన నవ్వలేదు. పరీక్ష ఫీజు కట్టడానికి ఇంకా వారం ఉంది. డబ్బు ఇస్తానని ఆయన అనలేదు, వద్దని కూడా అనలేదు.