స్పోర్టులో నాన్న, అర్బన్‌లో కొడుకు

షెడ్డు షట్టరు ఎత్తేసరికి రోజూ ఎవరో ఒకరు బండితో నిలబడే ఉంటారు. స్టార్టింగ్ ట్రబులైతే విసుగ్గా చెబుతారు, చెయిన్ మోతైతే నవ్వుతూ చెబుతారు. మైలేజీ గొడవతో వచ్చినవాడి మొహమే వేరు, తననెవరో మోసం చేసినట్టు ఉంటాడు. పెట్రోలు లీటరు 110 రూపాయల అంచున ఉన్న రోజుల్లో ఆ మొహాన్ని తప్పుపట్టలేం.

మా ఊరి మరిడమ్మ జాతర నడుస్తున్న ఆషాఢంలో ఒకరోజు ఒక కుర్రాడు అపాచీ 160 ఫోర్‌వీ తెచ్చాడు. సూరంపాలెంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వెనకే వాళ్ల నాన్న స్ప్లెండర్ మీద వచ్చాడు. కర్రపెండలం వేసే రైతు, నాకు పాతికేళ్ల ఖాతా.

"38 ఇస్తోందండి. అర్బన్ మోడ్ దాటి వెళ్లనే లేదు. ఇంకేం చెయ్యమంటారు?" అన్నాడు కుర్రాడు.

"మోడ్ అంటే ఏంటండి గురూగారూ? బటను నొక్కితే తక్కువ తాగుద్దా?" అన్నాడు తండ్రి.

ఆయన అడిగిన ఆ ప్రశ్నకి ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నొక్కితే కాస్త తగ్గుద్దిలెండి అనేశాను. అందరం అలాగే అంటాం.

నేను పని నేర్చుకున్నది కార్బొరేటర్ రోజుల్లో. అప్పుడు మైలేజీ తగువు తీర్చడానికి మా గురువు దగ్గర ఒక సెలైన్ సీసా ఉండేది. అందులో 100 మిల్లీలు పోసి హ్యాండిలుకి కట్టి, గొట్టం కార్బొరేటరుకి తగిలించి, మీటరు అంకె కాగితం మీద రాసుకుని బయల్దేరడమే. బండి ఎక్కడ ఆగితే అక్కడిదాకా వచ్చిన దూరాన్ని పదితో గుణించాలి. ఆరు కిలోమీటర్లు వస్తే లీటరుకి 60. సామర్లకోట భీమేశ్వరస్వామి గుడి దరిదాపుల్లోకి వెళ్లి ఆగితే బండి మంచిదని మా లెక్క. ఊరు దాటకుండానే ఆగిపోతే ఇంజన్ పనే. వెనక కూర్చున్న యజమాని కళ్లు రోడ్డు మీద ఉండేవి కావు, సీసా మీదే. ఒకాయనైతే మేం పోసింది 100 మిల్లీలేనా అని ఇంటి నుంచి మందు కొలిచే గ్లాసు పట్టుకొచ్చాడు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక ఆ సీసా మూలన పడింది. చిన్న బళ్లక్కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. పెట్రోలు పంపు టాంకులోనే మునిగి ఉండి, ప్రెషరుతో ఇంజెక్టరుకి కొడుతుంది. సీసా గొట్టం తగిలించే చోటే లేదు. ఇప్పుడు ఫుల్ టాంకు కొట్టించి, తిరిగి, మళ్లీ ఫుల్ చేసి చూడాల్సిందే. అదీ 40 కిలోమీటర్లు తిరిగి చూస్తే లాభం లేదు. 40కి కాలేది అటూ ఇటూగా ఒక లీటరే. స్టాండు మీద బండి కాస్త వాలితే బంకులో 100 మిల్లీలు అటూ ఇటూ పడుతుంది, లెక్కలో పదో వంతు తప్పు అక్కడే వచ్చేస్తుంది. 200 కిలోమీటర్లు తిరిగితే తప్ప నేను అంకె చెప్పను.

కుర్రాడికి పరీక్షలొచ్చి రెండు వారాలు హాస్టల్లో ఉండిపోయాడు. బండి తండ్రి చేతికొచ్చింది. ఆయన కూతురు కాకినాడలో పురుడు పోసుకుని ఉంది, మనవణ్ణి చూడ్డానికి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాడు. నాకు ఆలోచన తట్టింది. బంకుకి తీసుకెళ్లి అంచుదాకా కొట్టించి, మీటర్లో మోడ్ మార్చడం చూపించి చెప్పాను: "బాబాయ్, రోజూ తాళం తిప్పగానే ఇక్కడ స్పోర్ట్ అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఇలా మార్చండి. మిగతాదంతా మీ ఇష్టం."

"ఎక్కువ తాగే దాంట్లో పెడుతున్నారేంటండీ!" అన్నాడు. పెట్టనిచ్చాడు మాత్రం.

ఐదు ట్రిప్పులు, 200 కిలోమీటర్లు. అదే బంకు, అదే పంపు, స్టాండు వేసిన చోటు కూడా అదే. 4.2 లీటర్లు పట్టింది. అంటే లీటరుకి 47 పైచిలుకు. స్పోర్టులో తండ్రికి 47, అర్బన్‌లో కొడుకుకి 38.

ఆ బండికి 2021 చివర్లో మూడు మోడ్‌లు ఇచ్చారు. స్పోర్టులో పవరు 17.55 పీఎస్, టాప్ స్పీడు 114. అర్బన్‌లో, రెయిన్‌లో పవరు 15.64, స్పీడు 103. స్పోర్టులో ఆ పూర్తి పవరు 9250 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది, మిగతా రెండిట్లో 8600 దగ్గరే. అంటే మోడ్ కోత పెట్టేది పైన. బాబాయి కాకినాడ రోడ్డు మీద కాలువ పక్కన 45లో టాప్ గేరులో వెళ్తుంటే ఇంజను తిరిగేది దానికి ఎంతో కింద. అక్కడ బండి నడవడానికి ఎంత బలం కావాలో అంతే కావాలి, బటను ఎక్కడున్నా దానికి పట్టదు. పైగా సైలెన్సరు దారిలో ఆక్సిజన్ సెన్సరు కూర్చుని ఉంటుంది. నిదానంగా పోతున్నప్పుడు గాలీ పెట్రోలూ ఎక్కువ తక్కువలు కాకుండా అది కంప్యూటరుకి చెబుతూనే ఉంటుంది. ఎక్సలేటరు పూర్తిగా మెలిపెట్టినప్పుడే లెక్కలు మారతాయి.

కొడుకు మెలిపెట్టేది పూర్తిగానే. ఏడీబీ రోడ్డు మీద ఒకసారి వాడి వెనక కూర్చుని చూశాను. మూడో గేరులోనే 70 దాకా లాగుతాడు, ముందు ట్రాక్టరు కనబడగానే బ్రేకు, మళ్లీ లాగుడు. బ్రేకు డిస్కు వేడెక్కిందంటే ఆ వేడి అంతకుముందు క్షణంలో కాల్చిన పెట్రోలే కదా. అర్బన్‌లో పికప్ కాస్త మందం కాబట్టి వాడు ఇంకో రవ్వ ఎక్కువ తిప్పుతాడు. తను ఆదా మోడ్‌లో ఉన్నానని ధీమా ఒకటి.

నా మీద నాకే అనుమానం వచ్చి, నేనూ తోలి చూశాను. ఒకే దారి, ఒకే తీరు, అర్బన్‌లో 200, స్పోర్టులో 200. 46, 45 వచ్చాయి. ఆ ఒక్క కిలోమీటరూ మోడ్‌దో, బంకులో బండి వాలినదో నేను ప్రమాణం చేసి చెప్పలేను.

మోడ్‌కి అసలు పనే లేదని అనను. హైవే ఎక్కి బిగబట్టి తోలేవాడికి పైన కోత పడితే పెట్రోలు మిగులుతుంది. 50లో వెళ్లేవాడు 100 అందుకున్నాడంటే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని చీల్చడానికి ఎనిమిదింతల పవరు కావాలి. అపాచీల్లోనే ఆర్‌ఆర్ 310 అనే బండిలో ఎక్సలేటరుకీ ఇంజనుకీ మధ్య కేబులు కాదు, కరెంటు వైరుంటుంది. 2020లో వచ్చిన మోడల్‌ని అర్బన్‌లో పెడితే 34 పీఎస్ బండి 25.8 అయి కూర్చునేది, మణికట్టు ఎంత తిప్పినా అంతే. ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఇంకా నిక్కచ్చి. ఎకోలో స్పీడుకీ పవరుకీ హద్దు గీసేస్తుంది, ఒక చార్జింగుకి వచ్చే దూరం కళ్లముందే పెరుగుతుంది. పెట్రోలు బండి మీద అలవాటైన చేతికి ఆ హద్దు మొదట్లో కోపం తెప్పిస్తుంది.

ఈ మోడ్‌లు రాకముందు కొన్ని బళ్లకి మీటర్లో ఎకో అని పచ్చ లైటు ఉండేది, స్టార్ సిటీకి ఉన్నట్టు. నిదానంగా పోతే వెలుగుతుంది, లాగితే ఆరిపోతుంది. అది ఇంజనుని ఏమీ చెయ్యదు, చెబుతుంది అంతే. ఆ లైటు ఆరనివ్వకుండా తోలిన పెద్దవాళ్లు మా ఊళ్లో చాలామంది. నన్నడిగితే ఆ పచ్చ దీపమే ఈ మోడ్‌లన్నిటికంటే ఎక్కువ పెట్రోలు మిగిల్చింది.

రెయిన్ మోడ్ సంగతీ చెప్పాలి, నేను చేసిన తప్పు కూడా అందులోనే ఉంది. వానల్లో ఒకాయన వచ్చి మైలేజీ పడిపోయిందంటే, రెయిన్‌లో పెట్టుకోండి, తక్కువ తాగుద్ది అని పంపేశాను. అర్బన్‌కీ రెయిన్‌కీ పవరు ఒకటే. తేడా ఏబీఎస్ తీరులో, తడి రోడ్డు మీద పట్టులో. వారానికి మళ్లీ వచ్చాడాయన, ఇంకా తగ్గిందంటూ. ఈసారి సెంటర్ స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పాను. అర చుట్టు తిరిగి ఆగిపోయింది. బ్రేకు బురద పట్టి పట్టేసి ఉంది. మొదటి రోజే ఆ చక్రం తిప్పి చూడాల్సిన చెయ్యి నాది. డబ్బులు తీసుకోలేదు.

జాతర రోజుల్లో ఇంకో రకం. గుడి దారిలో జనం, బళ్లు కదలవు, ఇంజన్లు మాత్రం ఆడుతూనే ఉంటాయి. నిలబడ్డ బండికి ఏ మోడ్‌లోనైనా మైలేజీ సున్నాయే. 2014లో స్ప్లెండర్ ఐస్మార్ట్‌కి ఇచ్చిన ఐత్రీఎస్ ఈ పనికే. న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే కొన్ని సెకన్లకి ఇంజను ఆగుతుంది, క్లచ్ పట్టుకుంటే లేస్తుంది. చాలామంది దాన్ని స్విచ్చి నొక్కి ఆపేస్తారు, బండి పాడవుతుందని భయం. ఇక బంకుల్లో వచ్చే ఈ20 గురించి అడుగుతారు. ఇథనాల్‌లో ఉండే సత్తువ పెట్రోలులో మూడింట రెండొంతులే. 20 శాతం కలిస్తే కొంత తగ్గడం ఏ మోడ్‌లో ఉన్నా తప్పదు.

పరీక్షలయ్యాక కుర్రాడికి నేను కాగితం మీద రాసి చూపించాను, నాన్నది ఒక వరస, వాడిది ఒక వరస. కాసేపు చూసి, "ఆయన రోడ్డు ఖాళీగా ఉండుంటుందండి" అన్నాడు. తండ్రి నవ్వాడు. ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో గాని, అపాచీ నాన్న దగ్గరే ఉండిపోయింది. కాలేజీకి స్ప్లెండర్ వెళ్తోంది.

మొన్న ఆ స్ప్లెండర్ షెడ్డుకొచ్చింది. కుర్రాడే తెచ్చాడు, అదే మొహంతో.

"నాన్నకి 65 ఇచ్చేదంటండి. నాకు 50 కూడా ఇవ్వట్లేదు."

స్టాండు వేసి ముందుగా వెనక చక్రం తిప్పి చూశాను. హాయిగా తిరుగుతోంది.